కొసరు లెక్క

కిలో వంకాయలు తూచాక కూరగాయలావిడ పైన నాలుగు రెమ్మల కరివేపాకు వేస్తే అది కొసరు. దానికి డబ్బులివ్వం, వెయ్యకపోతే మాత్రం మొహం మాడ్చుకుంటాం. ఖరీదైన కార్ల వ్యాపారంలో ఈ లెక్క పూర్తిగా తిరగబడింది. అక్కడ అసలుకు ఒక ధర ఉంటుంది, కొసరుకు ఏకంగా ఒక పుస్తకమే ఉంటుంది. జర్మన్లు ఆ పుస్తకాన్ని ‘ఆవుఫ్‌ప్రైస్‌లిస్టె’ అంటారు. పైధరల పట్టీ అని చెప్పుకోవచ్చు. కుడివైపు అద్దం, రేడియో, సెంట్రల్ లాకింగ్, వెచ్చబడే సీటు, అన్నింటికీ అందులో ఓ కోడు, కోడు పక్కన ఓ ధర.

కొత్త కారు కొనేవాడు ఆ పట్టీలో టిక్కులు పెడతాడు. మూడు నాలుగేళ్లు తిరిగి బండి అమ్మేస్తాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు ఆ టిక్కులతో కాపురం చేసేది రెండోవాడు, మూడోవాడు. వాళ్లనెవరూ అడిగింది లేదు. సెకండ్ హ్యాండ్ ప్రీమియం కారులో అసలు సమస్య మైలేజీ కాదు, ఇంజనూ కాదు. ముక్కూమొహం తెలియని మనిషి ఒకప్పుడు షోరూంలో కూర్చుని ఏం కావాలనుకున్నాడు, ఎక్కడ పిసినారితనం చేశాడు అన్నది.

మొదట్లో ఈ పట్టీ లేదు, ఎందుకంటే పూర్తి కారే లేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో రోల్స్ రాయిస్ లాంటి కంపెనీ అమ్మేది ఇంజను, చట్రం, చక్రాలు. వాటి మీద ఒళ్లు కట్టించుకోవడం కొన్నవాడి పని. ఆ పనికి కోచ్‌బిల్డర్లని వేరే ఉండేవారు, చాలామంది అంతకుముందు గుర్రబ్బగ్గీలు చేసినవాళ్లే. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడి పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్‌ను చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం 1911లో ఆర్డరిచ్చిన బండి అది. ఒళ్లు కట్టింది ఇంగ్లండ్‌లోని బార్కర్ కంపెనీ. వెనక ఉన్నది సీటు కాదు, సింహాసనం. మిగతావాళ్ల కంటే ఎత్తులో కూర్చోవడానికి వీలుగా చేసింది. బండి ఊళ్లోకి వచ్చేసరికి ఆయనే లేరు, 1911 ఆగస్టులోనే కన్నుమూశారు. వందేళ్లు దాటినా అది కొన్ని వందల మైళ్లకు మించి తిరగలేదు. ఇలాంటి కార్లకు ‘ఎక్స్‌ట్రా’ అన్న మాటే వర్తించదు. చట్రం మీదున్న ప్రతి మేకూ ఎక్స్‌ట్రాయే.

రెండో చివర హెన్రీ ఫోర్డ్ ఉన్నాడు. 1908లో మోడల్ టీ టూరింగ్ కారు ధర 850 డాలర్లు. తొలి బళ్లలో ముందు అద్దం, పైన గుడ్డ టాపు, గ్యాసు హెడ్‌లైట్లు ఆ ధరలోకి రావు. క్యాడిలాక్ 1912లోనే తన కార్లన్నింటికీ కరెంటు సెల్ఫ్ స్టార్టర్ మామూలుగా బిగించి ఇస్తే, మోడల్ టీ కొన్నవాళ్లు 1919 దాకా ఇనప కడ్డీ తిప్పుకుంటూనే ఉన్నారు. అప్పుడైనా మూతబడ్డ బాడీ ఉన్న కార్లకే అది ఉచితం, టాపు లేనివాటికి పైధర. ఫోర్డ్ వదిలేసిన ఖాళీలో పక్కవాళ్లు పంట పండించుకున్నారు. సియర్స్ లాంటి పోస్టు ద్వారా సరుకమ్మే కంపెనీల కేటలాగుల్లో మోడల్ టీకి తగిలించే సామాను పేజీల కొద్దీ ఉండేది.

ఆ డబ్బు బయటివాళ్లకు ఎందుకు పోవాలి? ఈ ప్రశ్నకు జవాబు జనరల్ మోటార్స్ దగ్గర దొరికింది. కంపెనీ పెద్ద ఆల్ఫ్రెడ్ స్లోన్ 1924 వార్షిక నివేదికలో ప్రతి జేబుకూ, ప్రతి అవసరానికీ ఒక కారు అన్న విధానం రాశాడు. కింద షెవ్రొలె, పైన క్యాడిలాక్, మధ్యలో మెట్లు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న సందులో ఆప్షన్లు. కింది మెట్టు మీద ఉన్నవాడికి పై మెట్టు సుఖం కొంచెం కొంచెంగా రుచి చూపించే పద్ధతి అది. ‘ఇంకో యాభై వేలు వేసుకుంటే టాప్ ఎండ్ వచ్చేస్తుంది సార్’ అని ఈరోజు షోరూం కుర్రాడు అనే మాటకు మూలపురుషుడు స్లోనే.

కొత్త వస్తువేదైనా ముందు ఖరీదైన కారులో, అదీ పైధరకు రావడం అప్పటినుంచే ఆనవాయితీ. 1940 మోడల్ ప్యాకార్డ్‌లో ఏసీ వచ్చింది, ధర 274 డాలర్లు. దాని యంత్రం డిక్కీలో సగం తినేసేది. ఆపాలంటే మీట లేదు. బండి ఆపి, బోనెట్ ఎత్తి, కంప్రెసర్ బెల్టు ఊడదీయాలి. రెండేళ్లకే ప్యాకార్డ్ దాన్ని మానేసింది. ఆ రెండేళ్లలో వచ్చిన కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడికి చలికాలం అంతా సగం డిక్కీ బరువు, పనికిరాని గొట్టాలు మిగిలుంటాయి. కొసరు ఒక్కోసారి బరువు కూడా.

అమెరికాలో 1950ల నాటికి ఆప్షన్ల పట్టీ డీలర్ల చేతిలో మంత్రదండమైంది. అసలు ధర ఎంతో, ఏది ఎక్స్‌ట్రాయో కొనేవాడికి తెలిసేది కాదు. ఓక్లహామా సెనేటర్ మైక్ మన్రోనీ పట్టుబట్టి 1958లో ఒక చట్టం చేయించాడు. ప్రతి కొత్త కారు కిటికీకీ ఒక కాగితం అంటించాలి, అందులో కంపెనీ చెప్పిన ధర, ఫ్యాక్టరీలో బిగించిన ఒక్కో ఎక్స్‌ట్రా పేరు, దాని ధర విడిగా ఉండాలి. కొత్త కారు కొనేవాణ్ని కాపాడ్డానికి పుట్టిన కాగితం అది. తీరా చూస్తే రెండోవాడికి ఎక్కువ ఉపయోగపడింది. బండి ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికొచ్చిందో చెప్పే గట్టి సాక్ష్యం అది. డాష్‌బోర్డు అరలో ఆ స్టిక్కర్‌ను భద్రంగా దాచుకున్న యజమాని బండికి ఇప్పటికీ అక్కడి పాత కార్ల సంతలో గౌరవం ఎక్కువ. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లకు ‘మన్రోనీ స్టిక్కర్’ అన్న మాట బాగానే పరిచయం.

పైధరల పట్టీని ఒక కళగా మార్చింది మాత్రం జర్మన్లు. అందుకు మెర్సిడెస్ డబ్ల్యూ123ని మించిన ఉదాహరణ దొరకదు. 1976 జనవరిలో వచ్చి 1980ల మధ్య దాకా దాదాపు 27 లక్షలు అమ్ముడైన కుటుంబం అది. ఒకే ఒంట్లో రెండు లోకాలు ఉండేవి. ఒక కొసన 55 గుర్రాల 200 డి డీజిల్. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 31 సెకన్లు. సిగ్నల్ దగ్గర పక్కనున్న సైకిలువాడు ముందు కదలడం చూస్తూ కూర్చోవాల్సిన బండి. ఇంకో కొసన ఆరు సిలిండర్ల 280 ఇ, స్పోర్ట్స్ కారు పక్కన కూడా సిగ్గుపడనిది. దూరం నుంచి చూస్తే హెడ్‌లైట్ల ఆకారం తప్ప పెద్ద తేడా కనిపించదు. 1982లో ఆ తేడా కూడా చెరిపేశారు.

అసలైన తేడా పట్టీలో ఉండేది. మెర్సిడెస్ కొన్నాం కదా అని లోపల కూర్చుంటే కిటికీ అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. రేడియో ఉండదు, ఆ చోట ప్లాస్టిక్ మూత ఉంటుంది. తొలి బళ్లలో చాలావాటికి కుడివైపు అద్దమే లేదు. చిన్న మోడళ్లకు 1982 దాకా పవర్ స్టీరింగ్ ధరలో కలవలేదు. ఆటోమేటిక్ గేర్లు, సన్‌రూఫ్, సెంట్రల్ లాకింగ్, క్రూజ్ కంట్రోల్, హెడ్‌లైట్లకు బుల్లి వైపర్లు, డిక్కీలో బరువు పడినా వెనక భాగం కుంగకుండా నిలిపే సస్పెన్షన్, అన్నీ పైధరే. ఏసీ ఉండేది కానీ జర్మనీలో దాన్ని ఎంచుకున్నవాళ్లు తక్కువ. అక్కడి ఎండకు సన్‌రూఫ్ చాలు. పై రేకు జరిపితే గాలి, వెలుతురు, రెండూ వస్తాయి. మే నెల మధ్యాహ్నం విజయవాడ బెంజి సర్కిల్‌లో సన్‌రూఫ్ తెరిచి నిలబెట్టే ధైర్యం ఎవరికుందో తెలియదు గానీ, ఈరోజు మన దగ్గర పది లక్షల కారుకు కూడా అది లేకపోతే బేరం కుదరడం లేదు. చలిదేశంలో ఏసీకి బదులుగా పెరిగిన వస్తువు వేడిదేశంలో ఏసీ మీద ఆభరణమైంది.

ప్రాణం కాపాడే వస్తువులు కూడా మొదట కొసరు పట్టీలోనే పుట్టాయి. బ్రేకు నొక్కినప్పుడు చక్రాలు జామ్ కాకుండా చూసే ఏబీఎస్‌ను మెర్సిడెస్ 1978లో ఎస్-క్లాస్‌కు తెచ్చింది. ధర రెండు వేల రెండు వందల జర్మన్ మార్కులకు పైనే. 1980లో అది డబ్ల్యూ123 పట్టీలోకి, మరి రెండేళ్లకు ఎయిర్‌బ్యాగ్ కూడా వచ్చాయి. 1992లో గానీ ఏబీఎస్ మెర్సిడెస్ కార్లన్నింటికీ మామూలు కాలేదు. అంటే పద్నాలుగేళ్ల పాటు, పాత మెర్సిడెస్ కొనేవాడి భద్రత మొదటి యజమాని సన్‌రూఫ్‌కు డబ్బు పెట్టాడా, బ్రేకులకు పెట్టాడా అన్నదాని మీద ఆధారపడింది. చాలామంది సన్‌రూఫ్‌కే పెట్టారని పాత కార్లను తిరగేసినవాళ్లకు తెలుసు.

డబ్ల్యూ123కు గిరాకీ ఎంతగా ఉండేదంటే, బుక్ చేసినవాళ్లు కొన్ని మోడళ్ల కోసం ఏళ్ల తరబడి కాచుక్కూర్చున్నారు. ఆగలేనివాళ్లు కొంచెం వాడిన కారును కొత్తదాని ధరకు, ఇంకా ఎక్కువకు కూడా కొన్నారు. అక్కడే ‘యారెస్‌వాగెన్’ అనే ఆచారం బలపడింది. మాటకు ‘ఏడాది కారు’ అని అర్థం. ఫ్యాక్టరీ ఉద్యోగి తన తగ్గింపు ధరకు కొత్త కారు తీసుకుని, ఏడాది నడిపి, బయట అమ్మేసి మళ్లీ కొత్తది తీసుకుంటాడు. అతను పెట్టే టిక్కులు తన కోసం కావు. వచ్చే ఏడాది తన ఇంటి ముందు నిలబడబోయే కొనుగోలుదారు కోసం. ఏ రంగు త్వరగా పోతుంది, ఏ ఎక్స్‌ట్రాకు నాలుగు మార్కులు తిరిగొస్తాయి, ఏది పెడితే దండగ అన్నది మెర్సిడెస్ సొంతూరు స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఇళ్లలో అన్నం బల్ల దగ్గర నడిచిన చర్చ. రెండోవాణ్ని తలుచుకుని టిక్కులు పెట్టిన మొదటి యజమానులు బహుశా వీళ్లొక్కరే.

మిగతావాళ్లకు ఆ లెక్క ఎప్పుడూ నష్టమే. కారు కన్నా కొసరు త్వరగా పాతబడుతుంది. వెయ్యి మార్కులు పోసి పెట్టించిన కేసెట్ ప్లేయర్‌కు ఆరేళ్ల తర్వాత ఎవడూ వంద కూడా విదల్చడు. అసలు ధర నిలబడితే అదే గొప్ప. తెలివైన రెండోవాడికి ఇది పండగ. ఎవరో పూర్తి ధర కట్టిన తోలు సీట్లు, తలుపుకో మోటారు, పైన సన్‌రూఫ్, అన్నీ కలిపి బేస్ మోడల్ ధరకు కాస్త అటూ ఇటుగా దొరుకుతాయి.

దొరికినవన్నీ నిజమేనా అన్నది వేరే సంగతి. పాత డబ్ల్యూ123 బోనెట్ ఎత్తితే ముందు వైపు అడ్డంగా ఉన్న కమ్మీ మీద చిన్న రేకు కనిపిస్తుంది. దాని మీద మూడంకెల కోడ్లు వరసగా కొట్టి ఉంటాయి. 440 ఉంటే క్రూజ్ కంట్రోల్, 580 ఉంటే ఏసీ. కారుతో పాటు వచ్చే డేటా కార్డులోనూ అవే ఉంటాయి. బీఎండబ్ల్యూకు తన కోడ్లున్నాయి: 205 ఆటోమేటిక్ గేర్లు, 403 సన్‌రూఫ్, 494 వెచ్చబడే సీట్లు. ఆడి, ఫోక్స్‌వాగన్ కార్లకు డిక్కీలో స్టెప్నీ గుంట దగ్గర తెల్ల స్టిక్కర్, పోర్షకు ముందు మూత కింద ఇంకోటి. ఈ భాష చదవడం నేర్చుకున్నవాడికి బండి జాతకం చేతిలో ఉన్నట్టే. ఫ్యాక్టరీ పెట్టని సీటును తర్వాత ఎవరో తెచ్చి బిగిస్తే రేకు మీద ఉండదు. డిక్కీ మీద పెద్ద ఇంజను అక్షరాలు అంటించి చిన్న ఇంజను అమ్మజూపితే రేకు పట్టిచ్చేస్తుంది.

ఈ కోడ్లలో మరీ ముచ్చటైనవి రెండు. మెర్సిడెస్ 260, బీఎండబ్ల్యూ 320. ఇవి ఏదో తగిలించేవి కావు, తీసేసేవి. డిక్కీ మీద మోడల్ పేరు వద్దు అని కోరుకునే టిక్కు అది. బేస్ మోడల్ కొన్నవాడు పక్కింటివాడికి తెలియకూడదని పెడతాడు, అన్నింటికన్నా పెద్ద మోడల్ కొన్నవాడు పన్నులవాడికి తెలియకూడదని పెడతాడు. రెండో యజమాని రేకు చూసేదాకా ఇద్దరూ ఒకటే.

తీసేయడానికి డబ్బు కట్టిన కథల్లో రాజు పోర్ష 911 కరేరా ఆర్ఎస్ 2.7. దాదాపు 1,580 చేశారు. 1973 మోడల్‌గా వచ్చిన ఈ కారు ధర 34,000 మార్కులు. దానికి రెండు ప్యాకేజీలు. 2,500 మార్కులు కట్టి ఎం472 తీసుకుంటే లోపల మామూలు 911లా సుఖంగా ఉంటుంది. 700 కట్టి ఎం471 తీసుకుంటే వెనక సీట్లు, తివాచీ, గడియారం, చేతులాన్చుకునే బద్దీలు, చివరికి కోటు తగిలించే కొక్కెం కూడా ఉండవు. బరువు వెయ్యి కిలోల లోపుకు దిగుతుంది. రెండు వందల మంది లేనితనానికి డబ్బు కట్టారు. అప్పట్లో వాళ్లను చూసి నవ్వినవాళ్లుంటారు. ఇవాళ వేలంపాటల్లో ఎం471 ధర ఎం472 కంటే ఎంతో ఎత్తులో ఉంది.

లేనితనానికి ఇంకో రకం విలువ మొరాకోలో తేలింది. జర్మన్లు వాడి వదిలేసిన డీజిల్ డబ్ల్యూ123లు అక్కడ దశాబ్దాల పాటు ఊరి నుంచి ఊరికి జనాన్ని మోసే ‘గ్రాండ్ టాక్సీ’లయ్యాయి. ముందు సీట్లో డ్రైవరు కాక ఇద్దరు, వెనక నలుగురు. ఆ పనికి చేత్తో తిప్పే అద్దాలు, మామూలు గేర్లు, ఏసీ లేని డాష్‌బోర్డు వరం. చెడిపోవడానికి ఏమీ లేని కారే పది లక్షల కిలోమీటర్ల వైపు నడుస్తుంది. గాలి తిత్తుల సస్పెన్షన్ ఉన్న పాత ప్రీమియం కారును సరదాగా కొని, రాత్రికి రాత్రి ఒక పక్కకు ఒరిగిపోయిన బండిని పొద్దున్నే చూసుకున్నవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

పట్టీని ధిక్కరించినవాళ్లు జపనీయులు. 1989లో లెక్సస్ ఎల్ఎస్ 400 అమెరికాలో దిగింది, మొదలు ధర 35,000 డాలర్లు. జర్మన్లు విడివిడిగా అమ్మేవాటిలో చాలా భాగం ఆ ధరలోనే. మిగిలినవి కొద్ది ఆప్షన్లు, కొన్ని ప్యాకేజీలు. ఇందులో ఔదార్యం కన్నా లెక్కే ఎక్కువ. ఓడలో సముద్రం దాటొచ్చే కారును ఒక్కో మనిషి టిక్కుల ప్రకారం చేస్తే అది చేరేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది.

మన దేశంలో లైసెన్సుల కాలంలో ఫ్యాక్టరీ కొసరు లేనట్టే. అంబాసిడర్ అయినా ప్రీమియర్ పద్మిని అయినా వచ్చింది వచ్చినట్టు తెచ్చుకుని సీటు కవర్లు, ఫాగ్ లైట్లు, కేసెట్ ప్లేయరు బయట వేయించుకోవడమే. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పెరిగిన వ్యాపారాల్లో దీని వాటా ఉంది. 1994లో వచ్చిన మారుతి ఎస్టీమ్‌కు ఎల్ఎక్స్, వీఎక్స్, ఏఎక్స్ అన్న పేర్లు వరసగా చేరాక మనవాళ్లు అక్షరాల మీద మోజు నేర్చారు. 1995లో పుణెలో మెర్సిడెస్ డబ్ల్యూ124 ఇ-క్లాస్ తయారీ మొదలైంది. జర్మన్ కారు వచ్చింది గానీ జర్మన్ పట్టీ రాలేదు. విడిభాగాల పెట్టెలు తెచ్చి ఇక్కడ కూర్చే పద్ధతిలో ఒక్కొక్కరి టిక్కులకు చోటు లేదు, పూర్తి కారును దిగుమతి చేసుకుంటే సుంకమే కారంత. అందుకే మన దగ్గర ‘ప్రీమియం ప్లస్’, ‘టెక్నాలజీ’ లాంటి రెండు మూడు పేర్లతో కంపెనీయే టిక్కులు పెట్టి పంపుతుంది. ఆ టిక్కుల్లో ఎక్కువ వెనక సీటుకే. 2017లో మెర్సిడెస్ పొడుగాటి ఇ-క్లాస్‌ను కుడి స్టీరింగ్‌తో ఇక్కడికి తెచ్చింది కూడా వెనక కాళ్లు చాపుకోవడానికే. ముందు డ్రైవరు, వెనక దొర అన్న ఏర్పాటు చౌమహల్లా బండి నాటిదే.

కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్లి షేకుల ఇళ్లలో కార్లు నడిపినవాళ్లు ‘ఫుల్ ఆప్షన్’ అన్న మాట వెంట తెచ్చుకున్నారు. అక్కడి పాత కార్ల ప్రకటనల్లో మొదటి మాట అదే. ఇక్కడ దాన్నే ‘టాప్ ఎండ్’ అంటాం. మారుతి వాళ్లు కొంతకాలం మోడల్ పేరు చివర బ్రాకెట్లో ‘ఓ’ పెట్టారు. ఆ ఒక్క అక్షరంలో ఎయిర్‌బ్యాగ్‌లు ఉండేవి. 2015 నాటి చిన్న కారు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు ఇంజను శబ్దం వినడం కన్నా ముందు ఆ అక్షరం కోసం ఆర్సీ చూసుకోవడం మంచిది. ఏబీఎస్ అన్ని కొత్త కార్లకూ తప్పనిసరైంది 2019లో.

ఇప్పుడు కొసరు రేకు మీది నుంచి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లింది. 2016లో టెస్లా కొన్ని మోడల్ ఎస్ కార్లకు 75 యూనిట్ల బ్యాటరీ పెట్టి, 60 మాత్రమే వాడుకునేలా తాళం వేసి తక్కువ ధరకు అమ్మింది. డబ్బు కడితే తాళం తీసేది. మరుసటి ఏడు ఇర్మా తుపాను వచ్చి ఫ్లోరిడా జనం ఊళ్లు వదిలిపోతుంటే కంపెనీ ఆ తాళాలను కొన్నాళ్లు ఉచితంగా తీసింది. 2022లో బీఎండబ్ల్యూ దక్షిణ కొరియా లాంటి చోట్ల సీటు వెచ్చదనానికి నెల చందా పెట్టింది. తీగలూ మీటా కారులోనే ఉండేవి, చందా ఆగితే పనిచేసేవి కావు. జనం తిట్టిపోశారు, ఏడాదికి ఆ పని మానుకుంది.

రెండోవాడికి తగిలిన దెబ్బ 2020 మొదట్లో అమెరికా పత్రికల్లో వచ్చింది. ఒక డీలర్ టెస్లా వేలంలో 2017 మోడల్ ఎస్ కొన్నాడు. దానికి దాదాపు 8,000 డాలర్ల ఆటోపైలట్ ఎక్స్‌ట్రాలున్నాయి. వాటితో సహా అమ్మాడు. కొన్నవాడు సాఫ్ట్‌వేర్ కొత్తది వేసుకునేసరికి అవి మాయమయ్యాయి. వాటికి డబ్బు కట్టలేదు కాబట్టి దూరం నుంచి తీసేశామని కంపెనీ చెప్పింది. గొడవ బయటపడ్డాక తిరిగి ఇచ్చింది. పాత టెస్లా కొనడానికి వెళ్లే జాగ్రత్తపరులు ఇప్పుడు బోనెట్ కింద రేకు వెతకరు. కారు తెర మీద సాఫ్ట్‌వేర్ పేజీ తెరిచి, అందులో ఏయే ప్యాకేజీలు రాసున్నాయో ఫోనులో ఫొటో తీసుకుని, అప్పుడు బేరానికి కూర్చుంటారు.